రెండు వందల పన్నెండు బైట్లు

యాభై ఏడేళ్లు నిండి, పాతికమందికి పని నేర్పి, నలుగురు మేనేజర్ల చేత మూడు చెరువుల నీళ్లు తాగించి, మొన్నమొన్ననే రిటైరైన మనిషిని ఇంకా "పండూ" అని పిలిచే ప్రాణి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ అతని అక్క. ఆదివారం పొద్దున ప్రదర్శనకి ఆవిడ కూడా వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి పండుకి అన్నం సయించలేదు.

ఆఫీసులో అతని పేరు వేరు. అక్కడ అందరూ వెనకాల "సెమికోలన్ గారు" అనేవాళ్లు. ఎవరి ప్రోగ్రాం మొరాయించినా వెళ్లి వాళ్ల భుజం మీంచి తొంగిచూసి, "సెమికోలన్ మర్చిపోయావు చూడు" అనేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే నిజమయ్యేది. పదోసారి కూడా తన తప్పు ఒప్పుకునేవాడు కాదు. అలాంటి మనిషికి ఇప్పుడు ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటి నెత్తిమీదకి వచ్చింది. అదీ నలభై ఒక్క ఏళ్ల నాటిది.

ప్రదర్శన పెట్టింది పాత కంప్యూటర్ల క్లబ్బు. ఎప్పుడో చెత్తలో పారేసిన మెషీన్లను ఇప్పుడు వెతికి తెచ్చి, దూదితో తుడిచి, పసిపిల్లల్లా చూసుకునే పెద్దమనుషుల సంఘం అది. కార్యదర్శి రిటైరైన టెలిఫోన్ ఇంజనీరు. పండు అటక మీంచి తీసిచ్చిన పాత క్యాసెట్‌ని ఆయన వారం రోజులు కుస్తీపట్టి మాట్లాడించాడు. అందులో ఉన్నది పండు మొదటిసారి డబ్బు తీసుకుని చేసిన పని, ఒక హైస్కూలు టైంటేబుల్ వేసే ప్రోగ్రాం. శనివారం సాయంత్రం ఆ కార్యదర్శే ఫోన్ చేశాడు.

"మీ అక్కగార్ని కూడా పిలిచానండీ. మా ఆవిడా ఆవిడా ఒకే బట్టల ఫ్యాక్టరీలో చేశారట. భలే కథ చెప్పారు. ఆ ప్రోగ్రాంలో ఆవిడ పేరు పెడదామంటే మెషీన్‌లో చోటే చాల్లేదట కదా. మీరు పాపం చాలా బాధపడ్డారట. రేపు అందరికీ ఆ ముక్క చెప్పాలండీ మీరు."

"చెబుతాను" అన్నాడు పండు. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. ఎందుకంటే చోటు చాలింది. బోలెడంత మిగిలింది కూడా.

ఆ రోజుల్లో వాళ్లు ఉండేది రెండు గదుల ఇల్లు. ముందు గది నాన్న టీవీ రిపేరు షాపు, వెనక గది మిగతా సంసారమంతా. ఓడల్లో పనిచేసే ఒకాయన తన టీవీ బాగుచేయించుకుని, రుసుము బదులు ఒక చిన్న కంప్యూటర్ చేతిలో పెట్టి పోయాడు. చూడ్డానికి పెద్ద సబ్బుపెట్టెలా ఉండేది. కీలు నొక్కితే లోపలికి దిగేవి కావు, బల్లని వేలితో పొడిచినట్టే ఉండేది. తెర లేదు, టీవీకి తగిలించుకోవాలి. రాసింది దాచుకోవాలంటే పాటల టేప్ రికార్డరే గతి.

దానికో రోగం ఉండేది. వెనకాల తగిలించిన మెమరీ డబ్బా కాస్త ఊగినా మెషీన్‌కి మతి పోయేది. మూడు గంటలు కొట్టిందంతా హుష్‌కాకి. అందుకని పండు టైపు చేస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు. నానమ్మకి తుమ్ము వస్తే వీధిలోకి వెళ్లి తుమ్మి రావాలి. ఒకరోజు అమ్మ తలుపు ధడాలున వేసిన దెబ్బకి రెండువందల లైన్లు గాల్లో కలిశాయి. పండు అలిగి భోజనం మానేశాడు. అమ్మ ఖాతరు చెయ్యకుండా అతని కంచం కూడా కడిగి బోర్లించింది.

అక్క అతనికన్నా మూడేళ్లు పెద్ద. అప్పటికి డిగ్రీ రెండో ఏడు. పుస్తకంలో అచ్చయిన ప్రోగ్రాములని ఆవిడ చదివేది, పండు కొట్టేవాడు. అంకెలూ అక్షరాలూ కామాలూ ఎక్కడా తొట్రుపడకుండా ఎక్కాలు అప్పజెప్పినట్టు రాగం తీసి చదివేది. పండు తప్పు కొడితే వేళ్ల చప్పుడు విని పట్టేసేది. "ఇప్పుడు సున్నాకి బదులు ఓ కొట్టావు" అనేది తెర వంక చూడకుండానే.

ఒక వేసవిలో హైస్కూలు హెడ్మాస్టరు టీవీ పట్టుకుని వచ్చాడు. ప్రతి ఏడూ సెలవులన్నీ టైంటేబుల్ వేయడానికే సరిపోతున్నాయని నాన్న దగ్గర గోడు వెళ్లబోసుకుంటూ మూలన ఉన్న కంప్యూటర్ని చూశాడు.

"ఇది టైంటేబుల్ వేస్తుందా బాబూ?" అన్నాడు.

"వేస్తుంది సార్" అన్నాడు పండు. అప్పటికి ఆ మెషీన్‌తో అతను సొంతంగా చేసిన ఘనకార్యమల్లా తెరమీద తన పేరు వందసార్లు వేయించడమే.

పద్నాలుగుమంది మాస్టర్లు, పది క్లాసులు, రోజుకి ఏడు పీరియడ్లు. ఒక మాస్టారు ఒకే సమయంలో రెండు క్లాసుల్లో ఉండకూడదు, ఒక క్లాసులో ఇద్దరు మాస్టర్లు ఉండకూడదు. వినడానికి ఇంతే. పండు రెండు వారాలు తల బాదుకున్నాడు. మొదటి నాలుగు క్లాసుల దాకా బండి బాగానే నడిచేది. ఆ తర్వాత సైన్సు మాస్టారూ లెక్కల మాస్టారూ ఒకే గదిలో ఢీకొనేవాళ్లు. ఇక లాభం లేదు, హెడ్మాస్టరు కాళ్లమీద పడిపోదామని అతను నిశ్చయించుకున్న రోజున, అక్క కుట్టుమిషన్ సొరుగులోంచి రంగురంగుల గుండీలు తెచ్చి గళ్ల కాగితం మీద పరిచింది. సాయంత్రం దాకా అటూ ఇటూ జరుపుతూ కూచుంది.

"నువ్వు జాబితాలో మొదటున్న క్లాసు దగ్గర మొదలెట్టి వరసగా నింపుకుంటూ పోతున్నావు. అందుకే చివరికొచ్చేసరికి పీకలమీదికొస్తోంది" అంది. "మనింటికి చుట్టాలొస్తే అమ్మ పక్కలెలా వేస్తుంది? ముందు నానమ్మకి గోడవార చోటు చూస్తుంది. మోకాళ్ల నొప్పులు కదా, ఇంకెక్కడా పడుకోలేదు. తర్వాత గురకపెట్టే బాబాయిని షాపు గదిలోకి తోస్తుంది. మనలాంటివాళ్లని ఎక్కడో ఒకచోట దొర్లమంటుంది. ఇదీ అంతేరా. సైన్సు మాస్టారు ఒక్కడే, ల్యాబు ఒక్కటే. ముందు ఆయన్ని కూర్చోబెట్టు."

"కూర్చోబెట్టాక?"

"మళ్లీ మొదటికి రా. ఇప్పుడు అందరికన్నా ఎవరికి ఇరుగ్గా ఉందో చూడు. వాళ్లని కూర్చోబెట్టు. మళ్లీ చూడు. ఎవరికి ఇరుకైతే వాళ్లది ముందు."

ఈ ఉపాయాన్నే పండు తర్వాతి రోజుల్లో లావుపాటి పుస్తకాల్లో పెద్దపెద్ద పేర్లతో చదివాడు. చదివిన ప్రతిసారీ అది అక్క గొంతులోనే వినబడింది.

నలభై రోజులు మధ్యాహ్నాలన్నీ దానికే ధారపోశారు. ఎవరికి ఎంత ఇరుకో అక్క కాగితం మీద లెక్క తేల్చేది, దాన్ని పండు మెషీన్ భాషలోకి మార్చేవాడు. ఆ మెషీన్ లెక్క చేసేటప్పుడు తెర మీద బొమ్మంతా ఆరిపోయేది. ఆలోచిస్తోందో చచ్చిందో తెలిసేది కాదు. "అచ్చం మీ నాన్నే" అనేది అమ్మ. గంటన్నర తర్వాత తెర వెలిగి, పది క్లాసులూ ఒక్క తగాదా లేకుండా వచ్చిన రోజున అక్కాతమ్ముళ్లిద్దరూ కేక వేయబోయి, మెమరీ డబ్బా గుర్తొచ్చి నోళ్లు మూసుకున్నారు. వీధిలోకి పరిగెత్తి అక్కడ అరిచారు. పండుకి బతుకులో ఎన్నో జీతాలు పెరిగాయి, ఎన్నో మెప్పులు దక్కాయి. ఆ అరుపులో ఉన్న సంతోషం మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఆఖర్లో చోటు గొడవ వచ్చింది. ఆ మెషీన్‌లో మొత్తం పదహారు వేల పైచిలుకు బైట్లు. ఒక్కో అక్షరం ఒక్కో బైటు తింటుంది. ఇప్పుడు ఫోన్లో తీసిన ఒక్క ఫొటో దాచాలంటే అలాంటి మెషీన్లు రెండువందలు కావాలి. మాస్టర్ల పేర్లన్నీ ఎక్కించేసరికి ఇక చోటు లేదని మెషీన్ చేతులెత్తేసింది. ఏ భాగం ఏం చేస్తుందో తమకి గుర్తుండాలని రాసుకున్న లైన్లన్నీ పండు పీకేశాడు. అయినా చాల్లేదు. మిగిలింది మొదటి లైను. అందులో ఇద్దరి పేర్లూ ఉండేవి, పెద్దది కాబట్టి అక్క పేరు ముందు.

"అక్కా, మన పేర్లు కూడా తీసేయాలి" అన్నాడు. అప్పుడు నిజంగానే బాధపడ్డాడు. అందులో అబద్ధం లేదు.

"తీసెయ్. మన పేర్లేమైనా పాఠాలు చెప్తాయా" అంది అక్క.

మర్నాడు స్కూల్లో ప్రోగ్రాం చూపించాలి. అక్కకి అదే పూట పరీక్ష. పండు ఒక్కడే నాన్న సైకిల్ మీద మెషీనూ టీవీ టేప్ రికార్డరూ కట్టుకుని నడిపించుకుంటూ వెళ్లాడు. హెడ్మాస్టరు గదిలో అన్నీ తగిలించి, ఆయన వచ్చేలోపు ఒకసారి లైన్లన్నీ చూసుకుంటుంటే, ఒకే రకం డజను లైన్లు మూడుచోట్ల కనబడ్డాయి. ఒకచోట ఉంచి మిగతా రెండూ తీసేశాడు. చూస్తే బోలెడు చోటు ఖాళీ అయింది. ఎగిరి గంతేసి, మొదటి తెర మీద 'ఇది తయారుచేసినవారు' అని వచ్చేలా ఒక లైను చేర్చాడు. మెషీన్‌కి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. కింద ఒక్క పేరే కొట్టాడు, తనది. అది కొట్టాక కూడా రెండువందల పన్నెండు బైట్లు మిగిలాయి. అలాగే క్యాసెట్‌లో దాచేశాడు.

ఆ క్షణంలో తను ఏమీ అనుకోలేదని నమ్మడానికి పండు చాలా ఏళ్లు ప్రయత్నించాడు. కానీ అనుకున్నాడు. హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకుని చదివేటప్పుడు అక్కడ ఒక్క పేరే ఉంటే ఎంత బాగుంటుందో అనుకున్నాడు. ఆయన చదివాడు. చదివి పండు వీపు తట్టాడు. కవర్లో పెట్టి డబ్బిచ్చాడు. పండు సగం తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. దాంతో చెల్లుకి చెల్లు అనుకున్నాడు.

చెల్లు కాలేదు. హెడ్మాస్టరు మళ్లీ పండునే పిలిచి లైబ్రరీ పుస్తకాల జాబితా చేయించుకున్నాడు. కంప్యూటర్ శిక్షణ సంస్థ నడిపే తన బావమరిదికి పండు గురించే చెప్పాడు. అక్కణ్ణుంచి ఒక కంపెనీ, ఇంకో కంపెనీ, ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగం. "నా పదహారో ఏట నేనొక్కణ్ణే కూచుని టైంటేబుల్ ప్రోగ్రాం రాశాను" అని కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ చెప్పాడు. అక్క మొదట్లో రెండుసార్లు అడిగింది, "మాస్టారు నా గురించేమైనా అడిగారా?" అని. లేదన్నాడు. అదీ నిజమే. డిగ్రీ అయ్యాక ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్‌లో చేరింది. గుడ్డ మీద చొక్కా ముక్కల కొలతలన్నీ ఇరికించి గీయడంలో ఆవిడకి ఎదురు లేదనేవాళ్లు. ఆవిడ గీసిన గుడ్డలో వృథా పోయేది పిడికెడు కూడా ఉండేది కాదట.

ఆదివారం ప్రదర్శన పదింటికి. పండు ఎనిమిదింటికే అది పెట్టిన లైబ్రరీ మేడ ఎక్కి, వాచ్‌మన్ని బతిమాలి తలుపు తీయించుకున్నాడు. కార్యదర్శి రాత్రి పరీక్ష చేసి మెషీన్ని అలాగే వదిలేసినట్టున్నాడు, ప్రోగ్రాం తెర మీద సిద్ధంగా ఉంది. పక్కన అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టాడు. మెషీన్ జ్ఞాపకశక్తి: పదహారు వేల మూడువందల ఎనభై నాలుగు బైట్లు. ఈ ప్రోగ్రాం పోగా మిగిలిన చోటు: రెండువందల పన్నెండు. ప్రతి మెషీన్ దగ్గరా ఇలా రాయడం ఆయనకో సరదా.

అక్కకి లెక్కలు రాకపోతే బాగుండును. ఆవిడకి లెక్కలే వచ్చు.

పండు గదంతా ఒకసారి చూసి, బల్ల ముందు కూచుని, ఆ లైను తెరిచి తన పేరు ముందు అక్క పేరు కొట్టాడు. వేళ్లు ఆ కీల పద్ధతి ఇంకా మర్చిపోలేదు. ఎంటర్ నొక్కాడు. చక్కగా పట్టింది. అట్టముక్క మీద అంకె మార్చేస్తే ఇక ఎవరికీ ఏమీ తెలియదు. ఆనాడే ఇద్దరి పేర్లూ ఉన్నాయని, తనే మర్చిపోయి చోటు చాల్లేదన్నానని, నవ్వుతూ అనొచ్చు. అక్క పొంగిపోతుంది. ఆవిడ పొంగిపోయిన మొహం కళ్లకి కట్టింది. ఒకసారి ఆవిడ పేరు పెట్టకుండా మోసం చేశాడు, ఇప్పుడు పెట్టి మోసం చేయబోతున్నాడు. లేచి గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్ పీకేశాడు. తెర నల్లబడింది.

ప్లగ్ తిరిగి పెట్టి, ప్రోగ్రాంని మళ్లీ టేపు నుంచి ఎక్కించాలి. ఆరు నిమిషాల పని. క్యాసెట్ వెనక్కి తిప్పి మీట నొక్కాడో లేదో, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ముప్పై నాలుగేళ్లు ఫ్యాక్టరీ సైరనుకి లేచిన మనిషి, పదింటికి రమ్మంటే తొమ్మిదింటికి ముందే దిగింది.

"నీకిప్పుడు కూడా నిద్ర పట్టదుట్రా" అంటూ వచ్చి అక్క పక్క కుర్చీ లాక్కుంది. టేపు గీపెట్టడం మొదలుపెట్టింది. చూడ్డానికొచ్చే పిల్లలకి వినబడాలని కార్యదర్శి దానికి స్పీకరు కూడా తగిలించాడు. "అబ్బ, ఈ చప్పుడు విని ఎన్నాళ్లయింది. నానమ్మ చెవుల్లో దూది పెట్టుకునేది గుర్తుందా?"

గుర్తుంది. టేపు ఎక్కే ఆరు నిమిషాలూ ఇద్దరూ ఇలాగే పక్కపక్కన కూచునేవాళ్లు. చప్పుడు తగ్గిస్తే లోడింగ్ చెడుతుంది. అందుకని పండు తన సిగ్గుమాలిన సంగతిని గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది.

"అక్కా, ఆ రోజు చోటు మిగిలింది."

"ఏ రోజు?"

చెప్పాడు. ఒకే రకం లైన్లు తీసేసిన సంగతి, మొదటి తెర సంగతి, దాని మీద ఒక్క పేరే కొట్టిన సంగతి. హెడ్మాస్టరు ఆ పేరు చదివి వీపు తట్టిన సంగతి. ఎక్కడా ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి ఏకబిగిన చెప్పాడు. అక్క అట్టముక్క వంక చూసింది. పెదాలు కదిపి ఏదో లెక్కపెట్టుకుంది.

"నా పేరుకి తొమ్మిది చాలు" అంది.

"చాలు."

"అయితే మాస్టారుకి నేనున్నట్టే తెలీదన్నమాట."

"తెలీదు. నేను చెప్పలేదు."

టేపు అరుస్తూనే ఉంది. అక్క చేతిసంచి ఒళ్లో పెట్టుకుని దాని పట్టీని వేలికి చుట్టింది, విప్పింది. పండు తిట్లకి సిద్ధమై కూచున్నాడు. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"నేనింకోలా అనుకున్నానురా" అంది చివరికి. "మాస్టారు నిన్నే పిలిచి నన్ను పిలవకపోయేసరికి, నా లెక్క ఎక్కడో తప్పిందనుకున్నాను. బళ్లు తెరిచాక మాస్టర్లు ఒకళ్లమీద ఒకళ్లు పడుంటారు, నువ్వెలాగో సర్ది ఉంటావు, నా మొహం చూసి ఆ మాట చెప్పలేక ఊరుకుని ఉంటావు అనుకున్నాను. ఆ బడి ముందునుంచి నడవడం కూడా మానేశాను."

"మరి చోటు చాల్లేదని అందరికీ..."

"నవ్వుతూ చెప్పేదాన్ని. ఎవరైనా ఇంకేం అడక్కుండా ఉంటారని." ఆవిడ గొంతు టేపు చప్పుడులో సరిగ్గా వినబడలేదు, పండు ముందుకి వంగాడు. "ఫ్యాక్టరీకి కంప్యూటర్లొచ్చినప్పుడు రెండుసార్లు నన్ను ఆ సెక్షన్‌కి రమ్మన్నారు. నాకు రాదని చెప్పేశాను. ఒకసారి చేసి చెడగొట్టానుగా అని."

పేరు ఒక్కటే తీసుకున్నాననుకుంటూ పండు ఇన్నేళ్లూ బతికాడు. ఆవిడ దగ్గర ఇంకా ఏమేం తీసుకున్నాడో ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

టేపు ఆగింది. తెర మీద అతని పేరు ఒంటరిగా వచ్చి నిలబడింది. అక్క దాన్ని చదివింది.

"ఇంతకీ ఆ ఏడు బడిలో ఏమైంది?" అంది.

"ఏమీ కాలేదక్కా. హాయిగా నడిచింది. తర్వాతేడు కూడా దాంతోనే వేశారు. తొమ్మిదేళ్లు అదే వాడారు. మాస్టర్లు మారితే నేను పేర్లు మాత్రం మార్చి ఇచ్చేవాణ్ణి."

"నా లెక్క మార్చలేదా?"

"దాని జోలికి వెళ్లలేదు. వెళ్లాల్సిన పని పడలేదు."

"ఒక్కరోజైనా ఇద్దరు మాస్టర్లు ఒకే క్లాసుకి రాలేదా?"

"రాలేదు."

"తొమ్మిదేళ్లలో?"

"తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా లేదు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుని చాలాసేపు ఆ కొంగు కళ్లమీంచి తీయలేదు. కింద గేటు తీస్తున్న చప్పుడు వినిపించింది, ఎవరో పిల్లలు మెట్లెక్కుతున్నారు.

"పేరు సంగతి సరేలేరా" అంది. "ఈ ఒక్క ముక్క అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది కదా."